ముదిమి మాఫీ కాదు

ఫ్యాక్షన్ చూసిన పల్లెల్లో రచ్చకట్ట మీద ఒక పెద్దాయన కూచుని ఉంటాడు. తెల్లపంచె, చేతికర్ర, వణికే వేళ్లు. పిల్లలు ‘అబ్బా’ అని పిలుస్తారు. పొద్దున పాలచెంబుతో ఆ దారినొచ్చే ఒక ముసలామె మాత్రం అక్కడికి రాగానే కొంగు మొగానికి అడ్డం పెట్టుకుని పక్కసందులోకి తిరిగిపోతుంది. ముప్పై అయిదేళ్ల కిందట ఆమె పెనిమిటి మీదికి మనుషుల్ని పంపిందెవరో ఊరంతటికీ తెలుసు. ఛార్జిషీటులో ఆ పేరు ఎక్కలేదు. కొడవలి పట్టిన కూలోళ్లు జైలుకు పోయారు, పట్టించినాయన రచ్చకట్ట ఎక్కాడు. ఇప్పుడా మాటెత్తితే, ‘ఇంకెన్నాళ్లుంటాడులే, వదిలేయండి’ అంటారు.

వదిలేయకూడదన్నదే మా మాట. శిక్ష ఎట్లా అమలు చేయాలో వయసును చూసి నిర్ణయించవచ్చు. విచారణ జరగాలా వద్దా అన్నది తేల్చే హక్కు మాత్రం వయసుకు లేదు.

మన చట్టం ఇందులో తడబడలేదు. మూడేళ్లకు మించి జైలుశిక్ష పడే నేరాలకు కాలపరిమితి పెట్టలేదు. హత్యకు గడువు తీరడమనేది లేనే లేదు. గడువు పెట్టింది మన మొహమాటం.

జర్మనీ ఆ మొహమాటాన్ని ఆలస్యంగానైనా వదులుకుంది. ష్టుట్‌హోఫ్ నాజీ శిబిరంలో టైపిస్టుగా పనిచేసిన ఇర్మ్‌గార్డ్ ఫుర్ష్‌నర్‌కు 2022 డిసెంబరులో శిక్ష పడేనాటికి 97 ఏళ్లు. పదివేలకు పైగా హత్యలకు సాయపడిందన్నది అభియోగం. నేరం నాటికి ఇరవై దాటలేదు కనుక ఆమెను బాలల న్యాయస్థానంలోనే విచారించారు. రెండేళ్ల శిక్ష వేసి, అమలును నిలిపివేశారు. ఆ తీర్పును 2024లో అక్కడి అత్యున్నత కోర్టు ఖాయం చేసింది. ముసలిదాన్ని పట్టుకుని ఏం సాధించారని అడిగేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి: విచారణ మొదలయ్యే రోజున, 96 ఏళ్ల వయసులో, ఆమె వృద్ధాశ్రమం నుంచి టాక్సీ ఎక్కి పారిపోయింది. కొన్ని గంటల్లోనే దొరికింది. పారిపోవడానికి చాలిన ఓపిక బోనులో కూచోవడానికి చాలదా? 2022లోనే, సాక్సెన్‌హౌసెన్ శిబిరంలో కాపలా కాసినాయనకు 101 ఏళ్ల వయసులో అయిదేళ్ల శిక్ష వేశారు. ఆయన దూరం పోలేడని, ఇంటికి దగ్గరలోని ఒక వ్యాయామశాలనే కోర్టుగా మార్చి, రోజుకు కొద్ది గంటలే విచారించారు. ముదుసలి పట్ల దయ అంటే మాకు తెలిసింది ఇది.

అంతదూరం ఎందుకు? 1970 ఫిబ్రవరిలో కేరళ వయనాడు అడవుల్లో నక్సలైటు వర్గీస్‌ను ఎదురుకాల్పుల్లో చంపామన్నారు. అధికారి కాల్చమంటే కాల్చానని రామచంద్రన్ నాయర్ అనే కానిస్టేబుల్ 1998లో బయటపెట్టాడు. తీర్పు వినకుండానే ఆయన పోయాడు. కాల్చమన్న లక్ష్మణ ఐజీగా రిటైరై, డెబ్బై దాటాక, 2010లో యావజ్జీవ శిక్ష విన్నాడు. నలభై ఏళ్లు గడిచాయి కదా అని కోర్టు కళ్లు మూసుకోలేదు. 1987 నాటి హాషింపురా హత్యాకాండలో ఢిల్లీ హైకోర్టు 2018లో 16 మంది మాజీ సాయుధ పోలీసులకు యావజ్జీవ శిక్ష వేసింది. అప్పటికి వాళ్లందరూ రిటైరైనవాళ్లే. అదే ఏడాది డిసెంబరులో, 1984 సిక్కుల ఊచకోతకుగాను మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు 73 ఏళ్ల వయసులో అదే శిక్ష పడింది.

కర్నూలు గట్టున నిలబడి చూస్తే తుంగభద్రకు అవతల ఆలంపురం. 1948 దాకా అది నిజాం రాజ్యం. ఆ ఏడాది ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో చంపారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ కొన్నేళ్లు జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్థాన్ వెళ్లిపోయాడు. పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద సాగిన హత్యలపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను దశాబ్దాలపాటు వెలుగు చూడనివ్వలేదు. ఆ రెండు వైపుల హంతకుల్లో ఎక్కువమంది మంచం మీదే కన్నుమూసి ఉంటారు. ఆ తలుపు కాలమే మూసేసింది. రాయలసీమలో ఇంకా మూసుకోలేదు. 1980ల్లో, 90ల్లో నాటుబాంబులు చుట్టించినవాళ్లకు ఇప్పుడు అరవై, డెబ్బై, ఎనభై ఏళ్లు. ఇంకా బతికే ఉన్నారు.

సీమలో యుద్ధాన్ని ఎవరూ ప్రకటించలేదు. అయినా మిద్దెల మీద కాపలాలు పెట్టారు, బీళ్లలో కొడవళ్లు దాచారు. మగవాళ్లు కడప జైల్లోనో పరాయి ఊర్లోనో ఉంటే ఆడవాళ్లే శెనగచేను కోసుకున్నారు. యుద్ధనేరాల విచారణకు పెట్టుకున్న లెక్కలు ఇక్కడా సరిగ్గా అతుకుతాయి.

‘రాజీలైపోయాయి, పాతకేసులు తిరగదోడితే మళ్లీ రగులుతుంది’ అంటారు కొందరు. ఈ వాదనను తేలిగ్గా కొట్టేయలేం. రెండు వర్గాలవాళ్లు ఒకే పెళ్లిపందిట్లో కూచుని అన్నం తిన్న ఊళ్లున్నాయి, ఆ అన్నం విలువ మాకు తెలుసు. కానీ ఆ రాజీలు కుదుర్చుకున్నది ఎవరు? ఇద్దరు నాయకులు. కాంట్రాక్టులు పంచుకున్నారు, టికెట్లు పంచుకున్నారు, ఒకరి కేసులో ఒకరు సాక్షుల్ని నిమ్మళపరుచుకున్నారు. పక్కసందులోంచి తిరిగిపోయే ముసలామెను ఎవరూ పిలవలేదు. హత్య కేసులో రాజీకి చట్టం ఒప్పదు. ఆ నియమం పెట్టింది ఇలాంటి ఆమె కోసమే. మళ్లీ రగలడానికి కారణం కోర్టు కాదు. న్యాయం దొరకదని తేలిపోయిన కొడుకే తండ్రి కొడవలి వెతుక్కుంటాడు. సీమ ఫ్యాక్షన్ తరం మీద తరం సాగింది ఇట్లాగే.

పాతకేసుల్లో జ్ఞాపకం మోసం చేస్తుందన్నది న్యాయమైన భయమే. అందుకు జవాబు కేసు మూసేయడం కాదు, సాక్ష్యాన్ని ఇంకా గట్టిగా జల్లెడ పట్టడం. బంగ్లాదేశ్‌లో 1971 యుద్ధనేరాలకు తొంభై దాటిన జమాతే ఇస్లామీ నాయకుడు గులాం ఆజంకు 2013లో మరణశిక్షకు బదులు 90 ఏళ్ల జైలు వేశారు, వయసు చూసే తగ్గించారు. కానీ ఆ ట్రిబ్యునల్ విచారణ తీరుమీద వచ్చిన విమర్శలు తోసిపుచ్చదగ్గవి కావు. ముద్దాయికి మంచి వకీలు ఉండాలి, మతిస్థిమితం లేనివాణ్ని బోనెక్కించకూడదు. ఒకసారి నిర్దోషిగా తేలి, తీర్పు ఖాయమైనవాణ్ని అదే కేసులోకి మళ్లీ లాగమని మేం అడగడం లేదు. విచారణే జరగని పెద్దల గురించి, పరారీలో ముసలివాళ్లైనవాళ్ల గురించి, అప్పీళ్లలో మగ్గుతున్న కేసుల గురించి మా మాట.

వయసు సాకు చెప్పేవాళ్లు ఆ వయసు ఎట్లా వచ్చిందో చెప్పరు. కారంచేడులో 1985లో ఆరుగురు దళితుల్ని చంపితే సుప్రీంకోర్టు తుదితీర్పుకు 23 ఏళ్లు పట్టింది. కప్పట్రాళ్ల ఫ్యాక్షన్ నాయకుడు వెంకటప్ప నాయుడితోపాటు మరో పదిమందిని 2008 మేలో చంపిన కేసులో ఆదోని కోర్టు తీర్పుకు ఆరేళ్లు. వాయిదా మీద వాయిదా తెచ్చుకుని, ఆ వాయిదాల్లోనే జుట్టు నెరిపించుకుని, ఆ నెరిసిన జుట్టునే కోర్టుకు చూపించడం న్యాయాన్ని వెక్కిరించడమే.

ప్రభుత్వం చేయాల్సినవి ఉన్నాయి. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018లోనే ఆమోదం తెలిపింది, కొత్త నేర ప్రక్రియా చట్టం దాన్ని రాష్ట్రాల బాధ్యత చేసింది. కర్నూలు, కడప, నంద్యాల జిల్లాల్లో అది కాగితం దిగి ఊళ్లలోకి రావాలి. తేలని పాత ఫ్యాక్షన్ హత్యల జాబితాను పోలీసు శాఖ బయటపెట్టాలి. అన్నిటికన్నా ముందు, బతికున్న సాక్షుల వాంగ్మూలాలు మేజిస్ట్రేటు ఎదుట, వీడియోలో, ఈ ఏడాదే నమోదు కావాలి. నిందితుడికి ఎంత వయసొచ్చిందో చూసినవాళ్లకూ అంతే వచ్చింది. చుండూరులో 1991లో దళితుల్ని చంపిన కేసుకు ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. 2007లో అది వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది, పోరు సుప్రీంకోర్టుకు చేరింది. ఫలితం ఏమైనా, కోర్టు ఊరికి రావచ్చని అక్కడ రుజువైంది. ఆదోని దాకా బస్సెక్కలేని ఆ ముసలామె ఇంటి అరుగు మీదికే మేజిస్ట్రేటు రావాలి. ఈ ఎండాకాలం దాటకముందే.