వ్యసన పరిశోధనకు శిక్షణ

ఆంధ్రప్రదేశ ఉన్నత విద్యామండలి 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 180 గంటల సమాజసేవను చేర్చినది. ఉద్దేశము శ్లాఘ్యమే. కాని శిక్షణ లేని విద్యార్థి తాడిమర్రి వంటి గ్రామమున వాకిట నిలిచి, "మీ యింట త్రాగువారున్నారా?" యని యడిగినచో సత్యము లభించునా? ఇరుగుపొరుగు వినుచుండగా ఏ యిల్లాలు చెప్పును? చెప్పిన మాట సాయంకాలమునకు రచ్చబండ చేరినచో ఆమె గతి యేమి?

మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదేని చికిత్స లభించినదని 2019లో ప్రకటితమైన అఖిలభారత సర్వేక్షణము తెల్పినది. తక్కినవారు చాటుననే యున్నారు. 1992లో నెల్లూరు సీమయందలి దూబగుంట స్త్రీలు సారా యంగడి మూయించిరి. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. శాసనములు మారినను వ్యసనము ఇండ్లను విడువలేదు.

కావున కళాశాలలు విద్యార్థులను పంపుటకు ముందే మూడు నియమములు నేర్పవలెను: సమ్మతి లేనిదే అడుగరాదు, పేరు వ్రాసికొనరాదు, చికిత్స కోరినవారికి దారి చూపక మరలరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ రూపొందించిన పది ప్రశ్నల పరీక్షను తెలుగున అభ్యసింపజేయుట అసాధ్యము గాదు. వ్యసనపరుడు రోగియేగాని నేరస్థుడు గాడని విద్యార్థి నమ్మిననాడే పల్లె వానితో నిజము పలుకును.