మంత్రసానియు రాజదండనయు

హంగరీ దేశమున ఆగ్నెస్ గెరేబు అను ప్రసూతి వైద్యురాలికి సంభవించిన కష్టపరంపర మన పాఠకుల కంతగా తెలిసినది కాదు. దూరదేశపు వ్యవహారమైనను ఇందు విచారింపదగిన ధర్మసూక్ష్మము కలదు. స్త్రీ యెచ్చట, ఎవరి చేతులలో ప్రసవింపవలయునో నిశ్చయించు అధికార మెవరిది?

1977లో సెగెడు నగరపు ఆసుపత్రిలో భర్తలను ప్రసవపు గదిలోనికి రానిచ్చినందులకు ఈమెను కొంతకాలము వృత్తినుండి తొలగించిరి. నేడా యాచారమును తప్పనువా రచట లేరు. అటుపిమ్మట నామె మంత్రసానియై ఇండ్లకేగి 3,000 లకు మించిన పురుళ్లు పోసినది. ఇంట ప్రసవించుట తల్లికి నేరము కాదు; లైసెన్సు లేక సాయపడుట మాత్రము దండనార్హము. ఆ లైసెన్సు నిచ్చుటకు వలయు నిబంధనలను ప్రభుత్వ మేర్పరుపనే లేదు! తలుపు తెరచి యుంచి గడప దాటినవారిని పట్టుకొనుట యనగా నిదియే.

2010 అక్టోబరులో ఆమెను నిర్బంధించి, డిసెంబరులో గృహనిర్బంధమునకు మార్చిరి. ఆమె చేతులలో ప్రసవించిన తల్లులు చంటిబిడ్డల నెత్తుకొని బుడాపెస్టు వీథులలో నిలిచిరి. ఆ డిసెంబరులోనే టెర్నోవ్‌స్కీ వ్యాజ్యమున ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, ప్రసవ పరిస్థితుల నెంచుకొనుట స్త్రీ యొక్క స్వకీయ జీవనమునకు సంబంధించిన హక్కనియు, చట్టపు అనిశ్చితి దానికి భంగకరమనియు తీర్పు చెప్పెను. 2011లో హంగరీ నిబంధనలు వెలువడినవి. ఆ సంవత్సరమే గెరేబునకు రెండేండ్ల ఖైదు విధింపబడెను. తుదకు 2018 జూనులో అధ్యక్షుడు ఆదేరు ఖైదును క్షమించెను. వృత్తినిషేధము మాత్రము తొలగలేదు.

ఆమెపై అభియోగములు తేలికపాటివి కావు. శిశుమరణము వానిలో నున్నది. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రుల దుఃఖమును జనాభిమానముచే కప్పిపుచ్చరాదు. వేయిమంది కృతజ్ఞత ఒక నిర్లక్ష్యమునకు సమాధానము కాజాలదు. వైద్యుడైనను మంత్రసానియైనను విచారణకు లోబడవలసినదే. అయితే శిక్షణ, పర్యవేక్షణ, ఆపదలో ఆసుపత్రికి చేర్చు ఏర్పాటు, వీనిని కల్పింపక యుపేక్షించిన ప్రభుత్వము తాను నిర్దోషినని చెప్పుకొనుట యెట్లు?

ఇంటి పురుడు క్షేమమా యను ప్రశ్నకు ఇంగ్లండులో 2011లో వెలువడిన పరిశోధనము కొంత సమాధాన మొసగినది. ఆరోగ్యవతులై, ఇదివరలో కాన్పయిన స్త్రీల బిడ్డలకు ఇంటను ఆసుపత్రియందును అపాయమున గణనీయమగు భేదము కానరాలేదు. తొలిచూలు స్త్రీల విషయమున మాత్రము బిడ్డకు కీడు ఆసుపత్రిలో వేయింటికి 5 కాగా ఇంట 9 వరకు నుండెను. అచ్చటి ఇంటి పురుడనగా శిక్షితురాలగు మంత్రసాని, సమీపమున వైద్యశాల, సిద్ధముగా వాహనము. ఇవి లేనిచోట ఆ లెక్కలను చూపి ధైర్యము చెప్పుట పాపము.

మన దేశమున బాధ వేరొక దిక్కునుండి వచ్చినది. ఇంటి పురుళ్లలో తల్లులు రాలిపోయిన దినములను మరువజాలము. ఆసుపత్రులు ప్రాణములు నిలిపినవి. కాని 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము శస్త్రచికిత్సతో జరిగిన కాన్పులు తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4, దేశమంతట 21.5 మాత్రమే. అందును కలిగిన కుటుంబములలోనే ఇది మిక్కుటము. ముహూర్తము పెట్టించి కోత కోయించువారు మనలో లేకపోలేదు. ఇంటిపెద్దలును డాక్టరును నిశ్చయింతురు. చూలాలి నడుగువా రెవరు?

తెలంగాణ ప్రభుత్వము 2017లో నర్సులకు ప్రసూతివిద్యయందు ప్రత్యేక శిక్షణ నారంభించినది. 2018లో కేంద్రప్రభుత్వమును అట్టి మార్గదర్శకములను ప్రకటించినది. ఇది శుభోదయము. శిక్షితులగు మంత్రసానులు ప్రతి ప్రసూతిశాలయందు నుండవలయును. వారి యధికారమును బాధ్యతయు చట్టమున స్పష్టముగా నుండవలయును. నిబంధన ముందు, దండన పిదప: ఇదియే రాజనీతి. హంగరీ ఈ క్రమమును తప్పినది. ఫలమును తల్లులును మంత్రసానియు ననుభవించిరి. మన ప్రభుత్వము లీ పాఠమును ముందుగనే నేర్చుకొనుగాక.