చివరి కుళాయికి నీళ్లందాలి

నీటి సరఫరాలో కొత్త యంత్రాల కాలం వచ్చిందని మంత్రులూ, అధికారులూ, కంపెనీలవారూ ఒకే గొంతుతో చెబుతున్నారు. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగిపోతుందట. పైపులో నీటి ఒత్తిడి తగ్గితే జిల్లా కేంద్రంలోని ఇంజనీరుకు సెల్‌ఫోనులో తెలిసిపోతుందట. కార్డు పెడితే క్యాను నింపే యంత్రాలు ఊళ్లలోకి వచ్చే వున్నాయి. వీటిలో దేనికీ మేము వ్యతిరేకులం కాము. బిందె చంకనెత్తుకొని మైళ్లు నడిచిన తల్లుల బిడ్డలు యంత్రాన్ని కాదంటారా? మేము అడిగేది వేరు. ఆ యంత్రాన్ని రోజూ నడిపేదెవరు? నడిపేవాడికి జీతం ఇచ్చేదెవరు? లైనుకు చిట్టచివరనున్న వాడలో, కూలికి పోయివచ్చే మనిషి ఇంట్లో వుండే వేళకు నీళ్లొస్తాయా? వీటికి జవాబు చెప్పని ఏ కొత్త పద్ధతీ మన ఊళ్లలో ఎక్కువకాలం బతకలేదు.

ఇందుకు నల్లగొండ చరిత్రే సాక్ష్యం. ఫ్లోరైడు జబ్బును గురించి మన దేశంలో వైద్యులు 1937లోనే రాశారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి రాసిన సంగతి అది. రాతిపొరల్లోని ఫ్లోరైడు నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టి పోతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, నడుములు వంగిపోతాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే దారి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చుననీ మన దేశ ప్రమాణం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల జనం అంతకు కొన్ని రెట్లు ఎక్కువ ఫ్లోరైడున్న నీళ్లను తరాల తరబడి తాగారు. బావులు ఎండి, బోర్లు లోతుకు దిగినకొద్దీ ఈ పీడ ఇంకా పెరిగింది.

దీనికి విరుగుడు కనిపెట్టకపోలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చౌకైన పద్ధతి ఒకటి తయారుచేశారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి లెక్కప్రకారం కలిపి, బాగా తిప్పి, తేరనిచ్చి, పైతేట వంపుకోవటమే. ఇంట్లో బకెట్టుతోనూ చేసుకోవచ్చు, ఊరంతటికీ ట్యాంకు కట్టీ చేయవచ్చు. దానికి పెట్టిన పేరే 'నల్లగొండ పద్ధతి'. ఆ పేరుతోనే అది కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశాల దాకా వెళ్లింది. దానికీ లోపాలున్నాయి. పటిక ఎక్కువ పడుతుంది, నీళ్ల రుచి మారుతుంది, అడుగున పేరుకున్న మడ్డిని పారబోయటానికి జాగా చూడాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఊరి నీటిని పరీక్షించి మోతాదు చూసి కలిపే మనిషి రోజూ వుండాలి. ఆ మనిషిని పెట్టి జీతమిచ్చే బాధ్యత పాలకులు తీసుకోలేదు. చాలాచోట్ల ప్లాంట్లు మూలనపడ్డాయి. శాస్త్రం ఓడిపోయిందన్నారు. ఓడిపోయింది శాస్త్రం కాదు, సర్కారు శ్రద్ధ.

తర్వాత నల్లగొండ ప్రజలు ఏం చేశారో ఈ తరం కార్యకర్తలు తెలుసుకోవాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. సాగునీటికీ, తాగునీటికీ దిక్కులేని తమ గోడు దేశానికి వినిపించాలని, జలసాధన సమితి పిలుపుతో జనం గుంపులు గుంపులుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైపోయింది, పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. దేశమంతా అప్పుడు నల్లగొండ వైపు చూసింది. 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాను చౌటుప్పల్‌లో లేచినా, ఆ తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో పల్లెలకు వచ్చినా, వాటి వెనుక ఈ పోరాటాలున్నాయి. ఏలినవారి దయవల్ల వచ్చిన నీళ్లు కావవి.

పైపులు వచ్చిన తర్వాత మరో చిత్రం చూస్తున్నాము. కుళాయి వున్న ఇంట్లోనే క్యాను కూడా వుంటున్నది. కుళాయి నీళ్లు వాడకానికీ, క్యాను నీళ్లు తాగటానికీ అన్నట్లయింది. ఈ 'ఫిల్టరు నీళ్లు' తయారుచేసే ఆర్వో యంత్రం నీటిని గట్టి ఒత్తిడితో సన్నని పొర గుండా తోస్తుంది. ఉప్పులూ, ఫ్లోరైడూ ఇవతలే ఆగిపోతాయి. ఉప్పునీళ్ల ఊళ్లలో, ఫ్లోరైడు ఊళ్లలో దాని వల్ల మేలు జరిగిన మాట నిజం. కానీ ఒక బిందె మంచినీళ్లు దిగితే ఒకటి, ఒక్కోచోట రెండు బిందెల నీళ్లు కాలవలోకి పోతాయి. ఆ వదిలేసిన నీళ్లలో ఉప్పూ, ఫ్లోరైడూ మరింత చిక్కగా వుండి తిరిగి అదే నేలలో ఇంకుతాయి. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపున్నచోట ఆర్వోలు వాడనీయవద్దనీ, వాడేచోట కనీసం 60 శాతం నీరు మంచినీరుగా దక్కాలనీ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. మన ఊళ్లలో బోరు వేసి క్యాన్లు అమ్ముకునే ప్లాంటును అడిగే నాథుడెవరు?

ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 2న 'సుజల' పథకం పెట్టి 20 లీటర్లు 2 రూపాయలకే ఇస్తామన్నారు. కొన్నేళ్లకే చాలాచోట్ల ఆ యంత్రాలు తుప్పుపట్టాయి. పొర మార్చే డబ్బు లేదు, నడిపే మనిషి లేడు. నల్లగొండ పద్ధతికి పట్టిన గతే వీటికీ పట్టింది. ఆ ఖాళీలోకి వ్యాపారి వచ్చాడు. క్యాను 10 రూపాయలే అనుకుందాం. రోజుకు ఒకటి చొప్పున నెలకు 300 రూపాయలు. అంటే కూలి కుటుంబం ప్రతి నెలా ఒక రోజు కూలి తాగే నీళ్లకే ధారపోయాలి. కూలి రేటు కోసం నాట్ల కాలంలో పోరాడి సాధించుకున్న నాలుగు డబ్బులు ఈ దారిన పోతున్నాయని గమనించాలి.

ఇక కుళాయిల లెక్క చూద్దాం. 2019 ఆగస్టు 15న కేంద్రం జలజీవన్ మిషన్ ప్రకటించి, 2024 నాటికి ప్రతి పల్లె ఇంటికీ కుళాయి ద్వారా మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లిస్తామన్నది. పూర్తికాలేదు. గడువును 2028కి జరుపుతున్నట్లు 2025 బడ్జెట్‌లో చెప్పారు. కుళాయి బిగించగానే కాగితం మీద ఇల్లు 'పూర్తి' అయిపోతున్నది. మనం బిందెతో లెక్క కడదాం. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు పద్దెనిమిది. బిందె నిండటానికి మూడు నిమిషాలు పడితే దాదాపు గంటసేపు నీళ్లు రావాలి. మీ వాడలో ఎంతసేపు వస్తున్నాయి? అరగంట వస్తే హక్కులో సగం ఎవరో మింగినట్లే.

ఆ మింగేది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. ట్యాంకు ఊరి నడుమ వుంటుంది. పైపు మొదట పెద్దిళ్ల ముందు నుంచి సాగుతుంది. అక్కడ లైనుకే మోటారు తగిలించి మేడమీది ట్యాంకులోకి లాగుతారు. మాదిగపల్లెకూ, మాలపల్లెకూ, తండాకూ, పోరంబోకులో వేసుకున్న గుడిసెలకూ వచ్చేసరికి కుళాయి గాలి ఊదుతుంది. పోనీ వచ్చే వేళ అయినా కలిసొస్తుందా? మిరపకోతకూ, పత్తితీతకూ పోయే ఆడవాళ్లు పొద్దుపొడవకముందే ఆటో ఎక్కుతారు. నీళ్లు ఏడింటికో ఎనిమిదింటికో వస్తాయి. ఇంట్లో ముసలమ్మ వుంటే పట్టిపెడుతుంది. లేకపోతే ఆడపిల్ల బడి మానాలి. కోతలకు ఊరుగాని ఊరు వచ్చి చేలగట్ల మీద పట్టాలు కప్పుకొని వుండే వలస కూలీలకైతే ఏ పథకంలోనూ లెక్కేలేదు. కుళాయి 'ఇంటికి' కదా, వాళ్లకు ఇల్లేదీ?

మన సమాజంలో నీళ్లు ఎన్నడూ వట్టి నీళ్లు కావు. 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టటానికి అంబేద్కర్ ఉద్యమం నడపవలసి వచ్చింది. అది ఎక్కడో మహారాష్ట్ర సంగతి అనుకోవద్దు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే చెరువు నీళ్లను ఖరాబు చెయ్యవద్దన్నందుకు మొదలైన గొడవే, 1985 జూలై 17న మాదిగపల్లె మీద దాడిగా మారి ఆరుగురి ప్రాణాలు తీసింది. పైపు వేసినంత మాత్రాన కులం కరిగిపోదు. ఎవరి గుమ్మం ముందు లైను మొదలవుతుందో, వాల్వు ఎవరి చేతిలో వుందో చూసుకోకపోతే పాత చెరువు గట్టు మీది అన్యాయం పైపులో దూరి వస్తుంది.

వాల్వు తిప్పే మనిషి సంగతి కూడా మనదే. పంపు ఆపరేటర్లు, ఫిట్టర్లు, కాపలాదార్లు ఎక్కువమంది కాంట్రాక్టరు కింద పనిచేసే పేదలు. నెలల తరబడి జీతాలు రాక వాళ్లు సమ్మె చేస్తే "తాగునీళ్లు ఆపుతారా" అని ఊరిని వాళ్లమీదికి ఉసిగొల్పుతారు. జీతం ఆపినవాణ్ణి ఎవరూ అడగరు. పైపుకు కన్నుపెట్టే యంత్రం కొనటానికి డబ్బుంటుంది, పగిలిన పైపు అతికే మనిషికి ఇవ్వటానికి వుండదు! లీకు ఎక్కడుందో సెల్‌ఫోను చెప్పగలదు. గుంట తవ్వి బాగుచేసేది మనిషి చెయ్యే. వ్యవసాయ కూలీలు ఈ కార్మికుల పక్షాన నిలబడాలి. వాళ్ల వేతనం మన నీళ్లతో ముడిపడి వున్నది.

రాబోయే కష్టం ఇంకా పెద్దది. పైపుకు నీళ్లు పైనుంచి ఊడిపడవు. కరువు వస్తే జలాశయాలు అడుగంటుతాయి, అప్పుడు నగరాలూ, పరిశ్రమలూ, సాగూ, పల్లె గొంతులూ ఒకే నీటికోసం చేయి చాస్తాయి. ఊళ్లలో బోర్లు ఏటికేడు లోతుకు పోతున్నాయి. ఎరువుల నైట్రేటు బావుల్లోకి దిగుతున్నది. డెల్టాలో రొయ్యల చెరువుల ఉప్పు మంచినీటి చెరువుల్లోకి ఊరుతున్నది. ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చవలసే వున్నది. అక్కడికి హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. ప్రారంభించటం ఒక ఎత్తు, ప్రతి గడపకూ ఆపకుండా ఇవ్వటం ఒక ఎత్తు.

ఈ కష్టాన్ని చూపించి నీటిని కంపెనీలకు అప్పగించటమే మార్గమనేవాళ్లు బయలుదేరారు. మీటరు పెట్టి, ముందు డబ్బు కట్టినవాడికే నీళ్లిస్తే పొదుపు అవుతుందంటున్నారు. ఇంగ్లండులో 1989లో నీటి సరఫరాను అమ్మేశారు. కంపెనీలు వాటాదార్లకు లాభాలు పంచి, అప్పులు పెంచి, మురుగును నదుల్లోకి వదిలాయి. బొలీవియాలోని కొచబాంబలో కంపెనీ నీటి రేట్లు పెంచితే కార్మికులూ రైతులూ వీధుల్లోకి వచ్చి 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్నే రద్దు చేయించారు. పారిస్ నగరం 2010లో నీటి సరఫరాను కంపెనీల నుంచి తన చేతిలోకి తీసుకున్నది. అనుభవమున్న దేశాలు వెనక్కి తీసుకుంటున్న దారిలోకి మనల్ని నడవమంటున్నారు.

అందువల్ల కార్యకర్తలు ఊరూరా ఈ కోర్కెలను ముందుకు తీసుకుపోవాలి. ఒకటి, లైను చివరి వాడలో, కూలీలు ఇంట్లో వుండే వేళ నీళ్లివ్వాలి. పొద్దున్నే కుదరకపోతే సాయంత్రం మరోసారి వదలాలి. రెండు, పంపు కార్మికులకు కనీస వేతనం నెలనెలా ఇవ్వాలి. మూడు, లైనుకు తగిలించిన మోటార్లను పెద్దలవైనా పీకివేయాలి. నాలుగు, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు బోర్లు వేయకుండా 2002 నాటి వాల్టా చట్టాన్ని అమలుచేయాలి. అయిదు, ఆర్వో అవసరమైనచోట పంచాయతీయే నడపాలి, వదిలే నీటికి లెక్క చెప్పాలి. ఆరు, వలస కూలీలు దిగేచోట కుళాయి పెట్టాలి.

అడగటంతో సరిపోదు. జలజీవన్ నిబంధనల ప్రకారమే ఊరి నీటి కమిటీలో సగంమంది ఆడవాళ్లు వుండాలి, నీటిని పరీక్షించటానికి ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు శిక్షణ, పరీక్ష పెట్టె ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ కమిటీ వుందా, అందులో మన కూలి ఆడవాళ్లున్నారా, లేక సర్పంచి ఇంటి పేర్లే వున్నాయా? ఒక వారం రోజులు ప్రతి వాడలో నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎన్ని బిందెలు నిండాయి అన్నది నోటుపుస్తకంలో రాయండి. ఊరి మొదటి కుళాయి లెక్కా, చివరి కుళాయి లెక్కా పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి. అధికారి యంత్రం చూపే అంకెలకు మన బిందెల లెక్క జవాబు చెబుతుంది.

కొత్త యంత్రాలు రానీయండి, స్వాగతిస్తాము. అవి ముందు మన వాడకు రావాలి, ఊరి చేతిలో వుండాలి, వాటిని నడిపే మనిషి ఇంట పొయ్యి వెలగాలి. అంతవరకు ఈ పోరు ఆగదు.