అక్షరాలకి రంగులేయొద్దు మహాప్రభో!

వెబ్‌సైటు బిల్డర్లు తయారుచేసే మహానుభావులందరికీ ఓ నమస్కారం. మీ రంగుల పెట్టెలో 1,67,77,216 రంగులున్నాయి, సంతోషం. కానీ తెల్ల పేజీ మీద లేత పసుపు అక్షరాలు పెట్టి సేవ్ నొక్కినా మీ బిల్డరు కిమ్మనదేంటి? ఈమెయిల్లో @ మర్చిపోతే మాత్రం ఎర్రగా అరుస్తుంది!

ఎందుకింత గోలంటే చెప్తాను. మా పెనుగొలను వైపు మిర్చి, పత్తి, మామిడి. పురుగుమందుల కొట్టాయన ఒకరు సైటు పెట్టుకున్నాడు, రెడీమేడ్ టెంప్లేటే. పైన కొట్టు పేరు ఇంతేసి అక్షరాల్లో నల్లగా నిగనిగలాడుతోంది. లీటరు నీటికి ఎన్ని మి.లీ. కలపాలో మాత్రం ఫొటో కింద చిన్న బూడిదరంగు అక్షరాల్లో ఉంది. ఎందుకంటే ఫొటో కింది రాతలకి టెంప్లేటు డీఫాల్టు రంగు అదే. మిట్టమధ్యాహ్నం చేలో నిలబడి ఫోన్లో చూసే రైతుకి 1.5లో ఆ చుక్క కనపడకపోతే అది 15. తోట మాడిపోతే "మా డిజైను మినిమలిస్టు అండీ" అని చెప్తారా?

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్టు కనీసం 4.5 ఉండాలని డబ్ల్యూ3సీ వాళ్ళు 2008లోనే రాసిపెట్టారు. తెల్ల మీద #999999 బూడిద 2.85 దగ్గర చతికిలబడుతుంది. #767676 బొటాబొటీగా గట్టెక్కుతుంది. తెల్ల మీద అచ్చ ఎరుపు కూడా 4 దాటదు. ఇక సీఎస్ఎస్‌లో గ్రీన్ అంటే వచ్చే ఆకుపచ్చ మీద రెడ్ వేస్తే 1.3! మనవాళ్ళకి అది భలే ఇష్టం :)

నన్నడిగితే తెలుగుకి ఆ 4.5 కూడా చాలదు. ఇంగ్లీషు అక్షరం పట్టే ఎత్తులోనే మనకి అక్షరం, పైన గుడి, కింద వత్తు అన్నీ ఇరుక్కోవాలి. ద కి ధ కి తేడా ఒక చిన్న గీత, ర కి ఠ కి తేడా ఒక చుక్క. సన్నటి గీతల అంచుల్ని బ్రౌజరు నునుపు చేసేటప్పుడు వెనక రంగుతో కలిపేస్తుంది, దాంతో బూడిద ఇంకా వెలిసిపోతుంది.

ఇంకో తద్దినం ఉంది. మాటమాటకీ విడిగా రంగేసే బటన్. అలా వేసిన రంగు ఆ మాటకే అతుక్కుపోతుంది. రేపు టెంప్లేటు మార్చి నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకున్నారనుకోండి, అప్పట్లో నలుపు అని విడిగా ఎంచుకున్న పేరాలన్నీ మాయం. వర్డ్ నుంచి కాపీ కొట్టి అతికించిన వాటికీ చాలాసార్లు ఇదే గతి. కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకోవాలి.

"నా సైటు, నా ఇష్టం" అంటారు. ఇష్టమే బాబూ, కానీ చదివేది నువ్వు కాదుగా? హైవే మీద ఊరి పేరు బోర్డు పచ్చ మీద తెల్లగా ఉంటుంది. కాంట్రాక్టరు గారికి గులాబీ ఇష్టమని ఎవరూ మార్చరు. మన జిల్లాల సర్కారు సైట్లు చూడండి. ఎన్ఐసీ వాళ్ళ ఎస్3వాస్ మీద నడుస్తాయి. అందంగా ఉంటాయని నేననను గానీ, హై కాంట్రాస్ట్ బటన్ ఒకటి పెట్టారు. ప్రభుత్వం వాళ్ళకి తట్టింది డబ్బులు తీసుకునే మీకు తట్టలేదా? వర్డ్‌ప్రెస్ ఎడిటరు కొంత నయం, రంగులు కలవకపోతే చదవడం కష్టమని చెప్తుంది. చెప్తుందంతే, ఆపదు. వెనక ఫొటో ఉంటే అదీ చెప్పదు.

నేనడిగేది ఒకటే. 4.5 లోపుంటే సేవ్ కానివ్వకండి. లెక్క పెద్దదేం కాదు, పది పదిహేను లైన్ల జావాస్క్రిప్టు. బ్రాండు కలరు పోతుందని ఏడ్చేవాళ్ళుంటే, దాన్ని లోగోకి, హెడ్డింగు కింద గీతకి, పేజీ అంచుకి పూసుకోమనండి, ఎవరొద్దన్నారు.