గృహిణులతో ముచ్చట: భర్తవెంట పరదేశవాసము



జానకి రామునివెంట నరణ్యమునకు వెడలినపుడు దారిలో నామెను వివాహపత్రము చూపుమన్నవారు లేరు. నేటి దినము లట్టివి కావు.

మా పినతండ్రిగారు ఉద్యోగవిరమణానంతరము థాయిలాండు దేశమందలి చియాంగ్ మై నగరమున నివసింపగోరిరి. ఆ దేశమువారు 50 ఏండ్లు నిండిన పరదేశీయులకు విశ్రాంతజీవనమునకై యేటేట ననుమతి యిత్తురు. అందులకు అచ్చటి బ్యాంకులో 8 లక్షల బాత్‌లైనను, నెలకు 65 వేల బాత్‌ల రాబడియైనను చూపవలెను. భార్య ఆశ్రితురాలుగా నుండదలచినచో వేరుగా ధనము చూపనక్కరలేదు. ఆమెకు 50 ఏండ్లు నిండకున్నను బాధ లేదు. వివాహమైనదను రుజువు మాత్రము కావలెను.

చిక్కంతయు నిచ్చటనే వచ్చినది. మా పినతల్లి పెండ్లి పల్లెలో, పచ్చని పందిటిలో, ఊరివారందఱి యెదుట జరిగినది. శుభలేఖ యున్నది, మంగళసూత్రమున్నది, ధ్రువపత్రము లేదు. పినతండ్రిగారు ముందుగా వెడలిరి. ఆమె నాలుగు నెలలు కార్యాలయముల చుట్టు దిరిగి, 1955 నాటి హిందూ వివాహ చట్టము ననుసరించి సబ్‌రిజిస్ట్రారువద్ద పెండ్లి నమోదు చేయించుకొని, ఆ పత్రమునకు ప్రభుత్వ ధ్రువీకరణములు పొంది, పిదప వీసా తీసికొని భర్తను జేరినది.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఆశ్రితురాలి యనుమతి భర్త యనుమతికి నీడ వంటిది. ఆయన గడువుతోడనే యామె గడువును. ఆయన కాలధర్మము నొందినచో ఆమె నివాసమున కాధారము తొలగును. బ్యాంకులోని ధనము ఆయన పేరిటనే యుండును గనుక, న్యాయస్థానపు టుత్తరువు లేనిదే యది చేతికి రాదు. దుఃఖసమయమున తిరుగుప్రయాణపు ఖర్చునకై యొరుల మొగము చూడవలసివచ్చుట యెంత దైన్యము!

కావున అమ్మలారా, అట్లు వెడలువారు వీలునామా వ్రాయించుకొనుడు. కొంత ధనము మీ పేరనే యుంచుకొనుడు. 50 ఏండ్లు నిండి, స్తోమతు గలవారు స్వయముగానే యనుమతి కోరవచ్చును. గడువు తేదీలు మీరును వ్రాసి యుంచుకొనుడు. గడువు దాటిన ప్రతిదినమునకు 500 బాత్‌ల చొప్పున, 20 వేలవఱకు జరిమానా. 90 దినముల కొకసారి నివాసము తెలుపవలెను. మరల వచ్చుట కనుమతి పొందక దేశము విడిచినచో ఉన్న యనుమతియు రద్దగును.

ఇవి మగవారి పనులని యూరకుండరాదు. పరదేశములకు బోవనివారు సయితము తమ వివాహపత్రము పెట్టెలో నున్నదో లేదో నేడే చూచుకొనుడు. లేనిచో, సాక్షులైన పెద్దలు జీవించియుండగనే నమోదు చేయించుకొనుట మేలు.