మీ పేగుల్లోకి కెమెరా, మీ డ్రైనేజీలోకి మేం

మందుబిళ్ళంత కెమెరా వచ్చింది. 26 మిల్లీమీటర్ల పొడుగు, 11 మిల్లీమీటర్ల లావు. లోపలే లైటు, బ్యాటరీ, రేడియో. గుక్కెడు నీళ్ళతో మింగితే చాలు, గొట్టానికి అందని చిన్నపేగులో సెకనుకి రెండేసి ఫోటోలు తీసి, నడుముకి కట్టిన పెట్టెకి పంపుతుంది. ఎనిమిది గంటల్లో యాభైవేల పైచిలుకు! ఇజ్రాయెల్‌లో క్షిపణులకి కళ్ళు తయారుచేసిన ఇంజనీరు గావ్రియేల్ ఇద్దాన్‌కి వచ్చిన ఆలోచన ఇది. 2001లో అమెరికా అనుమతిచ్చింది. మొదట వచ్చిన మాత్రని పేగు కదలికే ముందుకి తోసేది. ఇప్పుడు బయట అయస్కాంతం పెట్టి కడుపులో అటూ ఇటూ తిప్పే రకాలూ ఉన్నాయి. లోపల నెత్తురు ఎక్కడ కారుతుందో అంతుబట్టని రోగికి ఇది ప్రాణం పోసేదే. కాదనం. సైన్సుకి మేం ఎప్పుడూ అడ్డం కాదు.

మా పేచీ మాత్ర బయటికొచ్చాక మొదలవుతుంది.

దాన్ని మళ్ళీ వాడరు. రెండు మూడు రోజుల్లో దొడ్డికెళ్ళినప్పుడు పడిపోతుంది. ఫ్లష్ నొక్కితే డ్రైనేజీలోకి. డాక్టరుకి దాంతో పని అయిపోయింది. మరి ఆ డ్రైనేజీ పూడితే? పట్నం పేగులోకి కెమెరా పోదు సార్లూ, మనిషి పోతాడు. రెల్లివాడో మాదిగవాడో పోతాడు. నడుముకి తాడు, లోపల విషవాయువు. గాలి ఎట్లా ఉందో చూసే మీటరు కూడా ఉండదు.

యంత్రం లేదా అంటే ఉంది. కేరళ కుర్రాళ్ళు చేసిన బ్యాండికూట్ రోబోని 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోల్‌లోకి దించారు. మనిషి పైనే నిలబడి నడపొచ్చు. మరి ఊరూరికీ ఎందుకు రాదు? మావాడి కూలి యంత్రం కన్నా చవక గనక. చచ్చినా అడిగేవాడు లేడనే ధీమా గనక.

చట్టాలకేం తక్కువ లేదు. 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి. మురుగులో చచ్చినవాడి కుటుంబానికి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. శవానికి రేటు పెరిగింది గానీ బతికున్నవాడికి ముసుగూ బూట్లూ రాలేదు. రోజంతా ఆ నీళ్ళలో నానినవాడికి కడుపునొప్పొస్తే వాడి పేగుల్లోకి ఏ కెమెరా పంపుతారు?

మాత్ర మింగించే ఆసుపత్రులున్న ప్రతి పట్నంలో మునిసిపల్ కమిషనరుగారు ఒక్క కాయితం రాసివ్వాలి: మ్యాన్‌హోల్‌కి యంత్రం ఏ తారీకున వస్తుందో. అది చేతికొచ్చేదాకా మావాళ్ళు మూత తియ్యరు.