పెనం కాలితే పిట్టలెందుకు చచ్చాయి?

ప్రశ్న: నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టి మంట పెద్దది చేశాను. ఇంతలో ఫోను వస్తే మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాను. మాటల్లో పడి పావుగంట దాటింది. వచ్చి చూస్తే వంటిల్లంతా ఘాటు వాసన. పక్కగదిలో పంజరంలో ఉన్న రెండు లవ్ బర్డ్స్ చచ్చిపడి ఉన్నాయి. ఆ సాయంత్రం నాకు చలి, జ్వరం, ఛాతీ బిగబట్టినట్లు వచ్చి రెండోరోజుకు తగ్గాయి. మా బాబుకు ఆరేళ్ళు, ఉబ్బసం ఉంది. ఆ వేళ బడికి వెళ్ళాడు. ఇదంతా పెనం వల్లనేనా? మా అత్తగారు ఇనప పెనం కొనమంటారు. మావారు కొత్త నాన్‌స్టిక్కే తెస్తానంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి పెనమే కారణమని తోస్తున్నదమ్మా. నాన్‌స్టిక్ పెనాలకు సాధారణంగా వేసే నున్నని పూత పి.టి.ఎఫ్.ఇ. అనే ప్లాస్టిక్ జాతి పదార్థం. మామూలు వంటవేడికి దానికేమీ కాదు. దోసెకు 200 డిగ్రీల దాపు వేడి చాలు. కాని పిండీ నూనే లేని ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే 260 డిగ్రీలు దాటగలదు. అక్కడినుంచి పూత చెడడం మొదలవుతుంది. 350 దాటితే విషవాయువులు, కంటికి కనపడని సన్నని రేణువులు బాగా వెలువడతాయి. పక్షుల ఊపిరితిత్తులు గాలిలో ఉన్నదాన్ని మనకంటె ఎంతో సమర్థంగా లోపలికి తీసుకుంటాయి. అందుకే మనకు దగ్గు తెప్పించే పొగ వాటి ప్రాణం తీస్తుంది.

మీకు వచ్చినదాన్ని పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. పొగ పీల్చిన కొన్ని గంటలకు చలిజ్వరం, తలనొప్పి, ఛాతీ బిగువు వస్తాయి. ఫ్లూ అనుకుని ఓ మాత్ర వేసుకుని ఊరుకునేవారే ఎక్కువ. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కనుక ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. బాబు ఇంట్లో లేకపోవడం మీ అదృష్టం. ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఆ పొగలో చిక్కుకుంటే ఆయాసం ముంచుకొచ్చేది. మళ్ళీ ఎప్పుడైనా అలా జరిగితే పొయ్యి ఆర్పి, కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చెయ్యండి. మాడిన ఆ పెనాన్ని తోమి వాడుకుందామనుకోకండి, పారెయ్యండి.

ఇక ఏది కొనాలన్న తగాదాలో నేను మీ అత్తగారి పక్షం. దోసెలు, పెసరట్లు, జొన్నరొట్టెలు బాగా కాలిన పెనం కోరతాయి. దానికి పోత ఇనుమే తగినది. వేడికి విరిగిపోయే పూత దానికి లేదు. దళసరిగా, అడుగు సమంగా ఉన్నది చూడండి. బల్లమీద పెట్టి అంచు నొక్కితే ఊగకూడదు. దళసరి పెనం వేడిని పట్టి ఉంచుతుంది. చల్లని పిండి పోసినా చప్పున చల్లారదు. కనుక మొదట కాగనిచ్చి తరవాత మంట తగ్గించుకోవచ్చు. సన్నని రేకు పెనం మీద నడుమ మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. సత్తు పెనం తేలికే కాని పెద్ద మంటకు వంగిపోతుంది. పోత పెనం బరువని కొందరంటారు, నిజమే. మీరు రెండు చేతులా ఎత్తగలిగినదే కొనండి.

కొత్త పెనం మొదటి రోజునే దోసెను వదలదు. దాన్ని తిట్టి అటక ఎక్కించకండి. తోమి, పొయ్యిమీద తడి ఆర్చి, పలుచగా నూనె రాసి, పొగ రాబోయేదాకా కాచి చల్లార్చండి. ఇలా నాలుగైదుసార్లు చెయ్యండి. తరవాత దోసె దోసెకూ సగం కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది రుద్దితే చాలు. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అదే అదను. నూనె పొగలు కక్కుతూంటే వేడి మితిమీరినట్లే. ఆ పొగ కూడా మీ బాబు ఛాతీకి మంచిది కాదు. కాలిన పెనం మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, పగలవచ్చు.

ఇనప పెనంతో రక్తం పడుతుందని కూడా అత్తగారు చెప్పే ఉంటారు. అందులో కొంతే నిజం. పులుసు వంటివి ఇనప మూకుట్లో ఎక్కువసేపు ఉడికితే ఇనుము బాగా దిగుతుంది. రెండు నిమిషాల్లో కాలే దోసెలోకి దిగేది తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. డాక్టరు ఇనుము మాత్రలు రాసిస్తే, పెనం కొన్నాం కదా అని అవి మానకండి. తలసీమియాకు తరచు రక్తం ఎక్కించుకునేవారు ఇంట్లో ఉంటే వారికి ఇనప పాత్రల్లో వండిపెట్టే ముందు డాక్టరును అడగాలి.

మీవారు తెస్తానన్నది తేనివ్వండి. కోడిగుడ్డు అట్టుకు, చిన్న మంట మీద, కొయ్య అట్లకాడతో నిక్షేపంగా పనికొస్తుంది. ఖాళీగా మాత్రం పొయ్యి ఎక్కించవద్దు. మళ్ళీ పిట్టల్ని తెచ్చుకుంటే పంజరాన్ని వంటింటికి దూరంగా, గాలి బాగా ఆడేచోట కట్టండి.